పొగబండి ఛాయాచిత్రము

బొగ్గును మండించి, నీటిని ఆవిరిగా మార్చి, ఆ ఆవిరి బలముతో బండ్లను లాగిన యంత్రమును తెలుగువారు పొగబండి యని పిలిచిరి. పండితులు దానినే ధూమశకట మనిరి. పొగ పోయినది గాని పేరు పెద్దవారి నోట ఇంకను నిలిచి యున్నది. 1970వ సంవత్సరమున చిత్తరంజన్ కర్మాగారము తన కడపటి బ్రాడ్‌గేజి ఆవిరి యంత్రమును నిర్మించి, దానికి ‘అంతిమ సితార’ యని పేరు పెట్టెను. కడపటి నక్షత్రమని ఆ మాటకు అర్థము. 1995వ సంవత్సరాంతమునకు బ్రాడ్‌గేజి మార్గములపై ఆవిరి యంత్రముల నిత్యసేవయు ముగిసెను. కొండ మార్గములలోను, ప్రత్యేక యాత్రలలోను తప్ప అవి నేడు పట్టాలపై కానరావు. ప్రదర్శనశాలలలోను, కొన్ని స్టేషనుల ముంగిట కట్టిన దిమ్మెలమీదను నిలిచియున్న యంత్రములే నేటి బాలబాలికలకు మిగిలినవి.

అట్టి యంత్రమును చూడవచ్చిన వారిలో ఛాయాచిత్రము తీయనివారు అరుదు. ఇప్పుడు దాదాపు ప్రతి యింటను సెల్‌ఫోను కలదు. దానిలో కెమెరా కలదు. ఒకడు యంత్రమునకు వీపు త్రిప్పి నిలుచును. మఱొకడు చిత్రము తీయును. పిదప ఇరువురును స్థానములు మార్చుకొందురు. రెండు నిమిషములలో ఆ పని ముగియును. ఆ యంత్రమునకు చక్రము లెన్నియో, అది ఏ యేట పుట్టినదో, ఎక్కడ పనిచేసినదో వారిలో ఎవ్వరును చెప్పజాలరు. జ్ఞాపకమునకై తీసికొన్న అట్టి చిత్రము తప్పు కాదు. కాని అది చాలదు. బహిరంగ స్థలమున నిలిపిన ప్రాచీన యంత్రము ప్రజలందఱి సొత్తు. దానిని శ్రద్ధతో చిత్రించి, తేదీ వ్రాసి దాచుట వేడుక మాత్రమే కాదు, ఆ సొత్తును కాపాడుటలో ఒక భాగము. ఇది పెద్దపెద్ద పండితులకే గాక, ఎనిమిదవ తరగతి చదువు విద్యార్థికిని సాధ్యమైన పని.

ఈ మాటకు నిదర్శనముగ ‘ఫెయిరీ క్వీన్’ అను యంత్రము చరిత్రను తీసికొనవచ్చును. ఇంగ్లండులోని లీడ్స్ నగరమున కిట్సన్, థామ్సన్, హ్యూయిట్‌సన్ అను వారి కర్మాగారమున 1855లో దానిని నిర్మించిరి. ఆ యేడే అది ఓడలో కలకత్తా చేరెను. ఈస్టిండియన్ రైల్వే కంపెనీవారు దానికి 22వ సంఖ్య నిచ్చిరి. హౌరాకును రాణీగంజ్‌కును నడుమ తేలికపాటి తపాలా బండ్లను అది లాగెను. 1857లో సిపాయిల తిరుగుబాటు వేళ సైనికులను మోసెను. తరువాత బీహారు ప్రాంతమున రైలు మార్గముల నిర్మాణమునకు ఉపయోగపడెను. 1895 వఱకు దానికి సంఖ్యయే గాని పేరు లేదు. 1909లో పని నుండి విరమించి, హౌరా స్టేషను వెలుపల ఒక దిమ్మెపై ముప్పది నాలుగేండ్లు నిలిచెను. 1943లో ఉత్తర ప్రదేశములోని చందౌసీ రైల్వే శిక్షణ పాఠశాలకు చేరెను. 1977లో ఢిల్లీలోని జాతీయ రైలు ప్రదర్శనశాలలో దానికి గౌరవస్థానము లభించెను. ఎనుబది యెనిమిదేండ్ల విశ్రాంతి పిమ్మట, 1997లో అది మరల ప్రధాన మార్గముపై నడచి ఢిల్లీ నుండి ఆళ్వారుకు యాత్రికులను చేర్చెను. నిత్యసేవలో నున్న ఆవిరి యంత్రములలో ప్రపంచమున కెల్ల పురాతనమైన దని 1998లో గిన్నిస్ గ్రంథమువారు దానిని గుర్తించిరి.

ఇంతటి కీర్తి గల యంత్రమునకును ఆపద తప్పలేదు. 2011లో దుండగులు దాని విడిభాగములను పెక్కింటిని దొంగిలించుకొని పోయిరి. నూఱేండ్ల చరిత్రను దొంగ పాత యినుము వెలకు తూచెను. చెన్నపట్టణములోని పెరంబూరు కర్మాగారపు పనివారు దానిని మరల బాగుచేసిరి. 2012 డిసెంబరులో అది తిరిగి నడచెను. ఇచ్చట ఆలోచింపదగిన విషయ మొకటి కలదు. పోయిన భాగము ఏ ఆకారమున నుండెనో, ఏ చోట బిగింపబడి యుండెనో తెలియనిదే దానిని సరిగ చేయుట యెట్లు? నూటయేబది యేండ్లనాటి యంత్రమునకు అంగడిలో విడిభాగములు దొరకవు. నిర్మాణ పటములు లేనప్పుడు, స్పష్టముగ తీసిన పాత ఛాయాచిత్రమే పనివానికి దారి చూపును. మఱియు, బాగుచేయుటలో ఏ భాగము క్రొత్తగా చేరినదో, ఏది మొదటి నుండియు ఉన్నదో తెలిసికొనుటకు ముందు తీసిన చిత్రమును తరువాత తీసిన చిత్రమును ప్రక్కప్రక్కన పెట్టి చూడవలసినదే.

చిత్రము లేకపోవుట ఎంతటి కొఱతయో రైలు చరిత్ర తొలి పుటలే చెప్పుచున్నవి. జార్జి స్టీఫెన్‌సన్, ఆయన కుమారుడు రాబర్టు నిర్మించిన ‘రాకెట్’ అను యంత్రము 1829 అక్టోబరులో రెయిన్‌హిల్ పందెమున గెలుపొంది లోకమును అచ్చెరువు పఱచెను. కాని ఛాయాచిత్ర విద్య లోకమునకు వెల్లడియైనది 1839లో. కావున ఆ దినమున రాకెట్ ఎట్లుండెనో తెలుపు ఛాయాచిత్ర మొక్కటియు లేదు. చేతితో గీసిన బొమ్మలే ఆధారము. తరువాతి కాలమున ఆ యంత్రమునకు ఎన్నో మార్పులు జరిగినందున, మిగిలియున్న దానిని చూచియు తొలి రూపమును ఊహించుకొనవలసి వచ్చుచున్నది. మన దేశమున 1853 ఏప్రిల్ 16వ తేదీన బొంబాయిలోని బోరీ బందరు నుండి ఠాణాకు మొదటి ప్రయాణికుల బండి నడచెను. పదునాలుగు పెట్టెలు గల ఆ బండిని సాహిబ్, సింధ్, సుల్తాన్ అను మూడు యంత్రములు లాగినవి. ఆ మూడింటిలో ఒక్కటియు నేడు ఏ ప్రదర్శనశాలలోను కానరాదు. ఒక కాలపు వారు అతిసామాన్యమని తలచిన వస్తువే మఱొక కాలపు వారికి అమూల్యమగును. కాని అప్పటికి అది చేజారి పోయి యుండును.

దీనికి కొందఱు ఆక్షేపణ చెప్పుదురు. “ఒక్కొక్క యంత్రమునకు ఇప్పటికే వేలకొలది చిత్రము లున్నవి. ఇంకొకటి తీసినందువలన ఏమి లాభము?” అని వారి ప్రశ్న. ఆ ప్రశ్న నిర్లక్ష్యము చేయదగినది కాదు. అయితే ఆ వేల చిత్రములను పరిశీలించినచో సత్యము బయటపడును. వానిలో చాల భాగము యంత్రము ముందువైపున, ఒకే చోట నిలిచి తీసినవి. వెనుక భాగము, బొగ్గును నీటిని మోయు టెండరు, చక్రముల నడుమ కడ్డీలు, నిర్మించినవారి పేరు చెక్కిన ఫలకము, డ్రైవరు నిలుచు చోట గల మీటలు ఎవ్వరి చిత్రములోను సరిగ కనబడవు. అంతేగాక, ఆరుబయట నున్న యంత్రము ఏటేట మారుచుండును. వాన తుప్పు పట్టించును. ఎండ రంగును వెలవెల బోవ చేయును. ఒకప్పుడు రంగు వేయువాడు అక్షరములపైననే రంగు పూసి పోవును. కావున నిన్నటి చిత్రము నేటి స్థితిని చెప్పదు. తేదీ వేసిన ప్రతి చిత్రమును క్రొత్త సాక్ష్యమే.

మఱొక ఆక్షేపణ ఇంతకంటె బలమైనది. “కెమెరా చేత పట్టినవాడు కన్నులతో చూడడు. చిత్రము దొరికినదిగదా యని చూచుటనే మానును” అని కొందఱు పెద్దలు చెప్పుదురు. ఇందులో నిజము లేకపోలేదు. ఐనను దోషము కెమెరాది కాదు, తొందరది. కలమును చేత పట్టినవాడెల్ల ఆలోచింపక వ్రాసినచో కలమును నిందింపము గదా! మొదట యంత్రము చుట్టును ఒకసారి నెమ్మదిగ నడువవలెను. రెండవసారి నడచుచు దాని అవయవములను గుర్తింపవలెను. మూడవసారి మాత్రమే కెమెరాను పైకెత్తవలెను. ఈ నియమము పాటించువానికి చిత్రము చూపునకు తోడగును గాని ఆటంకము కాదు.

గుర్తింపవలసిన దేమి? యంత్రము పనిచేయు క్రమమే. వెనుకవైపున కొలిమి కలదు. అందు బొగ్గు మండగా, వేడివాయువులు బాయిలరులోని గొట్టముల గుండ ముందునకు పోవును. ఆ గొట్టముల చుట్టును నీరుండును. నీరు మరిగి ఆవిరియగును. మామూలు వాయుపీడనమున నీరు ఆవిరిగా మారినప్పుడు దాని పరిమాణము ఇంచుమించు పదునాఱు వందల రెట్లు పెరుగును. అట్టి ఆవిరిని బాయిలరులో బంధించుట చేతనే అంతటి బలము కలుగుచున్నది. ఆ ఆవిరి సిలిండరులో ప్రవేశించి పిస్టనును ముందుకు వెనుకకు త్రోయును. పిస్టను కడ్డీని కదల్చును. కడ్డీ చక్రమును త్రిప్పును. పని ముగిసిన ఆవిరి పొగతో కూడి గొట్టము నుండి వెడలును. వంటింట కుండపై మూత ఎగురుటలోని సూత్రమే వందల టన్నుల బండిని లాగెను. ఫెయిరీ క్వీన్ వంటి యంత్రమున ముందు రెండు, నడుమ రెండు, వెనుక రెండు చక్రములు కలవు. నడుమ నున్నవి మాత్రము చాల పెద్దవి. త్రిప్పు చక్రము లవియే. చక్రము పెద్దదైన కొలది ఒక చుట్టులో సాగు దూరము హెచ్చును. ఇది తెలిసినవాడు ఆ పెద్ద చక్రమును, దానికి తగిలించిన కడ్డీని తప్పక చిత్రించును. తెలియనివాడు పొగగొట్టమును మాత్రమే చూచి తృప్తి పడును.

నల్లని యంత్రమును చిత్రించుట సులభము కాదు. నడినెత్తిన సూర్యుడున్నప్పుడు బాయిలరు పైభాగము మెఱయును. చక్రములు చీకటిలో మునుగును. వెనుక ఆకాశము తెల్లగ నున్నచో యంత్రమంతయు నల్లని ముద్దవలె కనబడును. ఉదయమునను సాయంకాలమునను ఏటవాలుగ పడు వెలుతురు కడ్డీల క్రిందికిని చక్రముల నడుమకును చొచ్చుకొని పోవును. పలుచని మబ్బు కమ్మిన దినము మఱింత మేలు. చక్రములను చిత్రింప దలచినవాడు మోకాళ్లపై కూర్చుండి వాని ఎత్తునకు దిగవలెను. మొత్తము ఆకారము కావలె నన్నచో కొంత దూరము వెనుకకు పోవలెను. మిక్కిలి దగ్గఱ నుండి తీసినచో ముందు భాగము ఉబ్బి వెనుక భాగము కుంచించుకొని కనబడును. సంఖ్యా ఫలకమునకు ఎదురుగ మెఱుపు దీపము వెలిగించినచో లోహము తళుక్కుమని అక్షరములు చెరగిపోవును. ప్రక్కనుండి సహజమైన వెలుతురులో తీయుటయే ఉత్తమము. వీనిలో ఏ ఒక్కదానికిని విలువైన కెమెరా అక్కఱ లేదు. ఓపిక యొక్కటి చాలును.

ఓపికతోపాటు మర్యాదయు కావలెను. చిత్రము కొఱకై బాయిలరుపై ఎక్కుట, కడ్డీలపై వ్రేలాడుట, మీటలను లాగుట తగవు. ఇనుము గట్టిదే గాని, నూఱేండ్లు తుప్పు తిన్న రేకు బాలుని బరువునైనను ఓర్వలేక విఱుగవచ్చును. యంత్రమునకును బాలునికిని గాయమగును. మేకుతో పేర్లు గీయువారు తమ పేరును శాశ్వతము చేసికొంటి మనుకొందురు. నిజమునకు తమ అవివేకమును శాశ్వతము చేసికొనుచున్నారు. ఇతరులు వేచియుండగా ఒక్కరే గడియసేపు ఎదుట నిలుచుటయు అమర్యాదయే. ఇంకొక మాట అత్యవసరముగ చెప్పవలసి యున్నది. దిమ్మెపై నిలిచిన యంత్రము కదలదు. పట్టాలపై వచ్చు బండి ఆగదు. కదలుచున్న రైలు ముందు నిలిచి చిత్రము తీసికొనబోయి ప్రాణములు పోగొట్టుకొన్న యువకుల వార్తలు తఱచుగ పత్రికలలో వచ్చుచున్నవి. రైలు పట్టాలపై అనుమతి లేక తిరుగుట చట్టరీత్యా నేరము. ఏ చిత్రమును ఒక ప్రాణమునకు సమానము కాదు.

యంత్రమును చిత్రించువారు దానిని నడిపిన మనుష్యులను మఱచుట కలదు. ఆవిరి యంత్రము తనంతట నడచునది కాదు. కొలిమి యెదుట నిలిచి పారతో బొగ్గు చిమ్మిన ఫైర్‌మన్, ఎండలో వానలో తల వెలుపలికి చాచి దారి చూచిన డ్రైవరు, రాత్రింబవళ్లు షెడ్డులో బూడిద తోడి గొట్టములు తుడిచిన పనివారు దానికి ప్రాణము పోసిరి. వేసవిలో ఆ కొలిమి సెగ ఎట్టిదో చెప్పగల విశ్రాంత ఉద్యోగులు నేటికిని కొన్ని రైల్వే ఊళ్లలో ఉన్నారు. వారు ఎల్లకాలము ఉండరు. విద్యార్థులు అట్టి వృద్ధుని కలిసికొని, “తాతగారూ, ఈ మీట దేనికి? దీని నెప్పుడు లాగెడివారు?” అని వినయముగ నడిగి, ఆయన చెప్పిన మాటలను వ్రాసికొని, ఆయన అంగీకరించినచో యంత్రము ప్రక్కన ఆయన చిత్రమును తీసినయెడల, ఆ చిత్రము వేయి ఒంటరి చిత్రములకంటె విలువ గలదగును.

అభిమానము అంధత్వము కారాదు. ఆవిరి యంత్రము మండించిన బొగ్గులోని శక్తిలో పదవ వంతైనను పనిగా మార్చలేక పోయెను. మిగిలినదంతయు వేడియై పొగయై వృథా అయ్యెను. దాని స్థానమున డీజిలు, విద్యుత్తు యంత్రములు వచ్చుట న్యాయమే. మఱియు, ఆ తొలి రైళ్లు ప్రజల మేలుకొఱకు మాత్రమే వచ్చినవి కావు. విదేశ ప్రభుత్వమునకు సైన్యమును తరలించుటకును, విదేశ వర్తకులకు సరకును రేవులకు చేర్చుటకును అవి పనికివచ్చినవి. తిరుగుబాటును అణచబోయిన సైనికులను మోసిన యంత్రమే నేడు జాతీయ సంపదగ మన్నన పొందుచున్నది. ఇందులో వైరుధ్య మేమియు లేదు. దాచుకొనుట యన్న పొగడుట యని అర్థము కాదు. జరిగినదానిని జరిగినట్లు తెలిసికొనుటకు ఆధారము నిలుపుకొనుట యని అర్థము. చిత్రము క్రింద వ్రాయు నాలుగు పంక్తులలో ఈ రెండు వైపులను ఉండవలెను.

చూచువారికే గాక చూపువారికిని కర్తవ్యము కలదు. కొన్ని చోట్ల యంత్రమును దిమ్మెపై నిలిపి, రంగు వేసి, ఇనుప కంచె కట్టి అంతటితో పని ముగిసినదని తలచుచున్నారు. అది ఎవరు నిర్మించినది, ఏ సంవత్సరమున వచ్చినది, ఏ మార్గమున నడచినది తెలుపు పలక స్థానిక భాషలో ఉండవలెను. వాననీరు లోపల నిలువకుండ చూడవలెను. అన్ని వైపులనుండియు కనబడునట్లు కొంత చోటు విడువవలెను. చదువుకొను పిల్లలు చిత్రము తీసికొనుటకు అడ్డు చెప్పరాదు. ప్రజల సొత్తును ప్రజలు చూచుట, చూచి చిత్రించుకొనుట వారి హక్కు. కాపలాదారుడు ఒక్కడు, చూడవచ్చు కన్నులు వేలు. అట్టి కన్నులు శ్రద్ధ గలవైనచో ఏ ఫలకము ఎప్పుడు మాయమైనదో, ఏ రేకు ఎప్పుడు చిల్లు పడినదో వెంటనే తెలియును. ఫిర్యాదు చేయువాని చేత తేదీ గల చిత్ర మున్నచో అధికారులును ఆ మాటను తేలికగ త్రోసివేయ జాలరు.

ఒక పాఠశాల తలచుకొన్నచో ఈ పని ఎంత సులభము! తమ ప్రాంతమున నిలిపియున్న యంత్రమును ప్రతి యేట ఒకే నెలలో, ఒకే చోటులనుండి నాలుగు వైపుల చిత్రింపవచ్చును. ప్రతి చిత్రము క్రింద తేదీ, స్థలము, యంత్రపు సంఖ్య, తీసినవారి తరగతి వ్రాసి ఒక పుస్తకమున అంటింపవచ్చును. సెల్‌ఫోనులో నున్న చిత్రములు ఫోను పాడైననాడు పోవును. పుస్తకమున అంటించినవి గ్రంథాలయమున నిలుచును. పదేండ్లు గడచిన పిమ్మట ఆ పుస్తకము ఆ ఊరి చరిత్రలో ఒక అధ్యాయమగును. ఆ యంత్రమునకు ఎప్పుడైన మరమ్మతు చేయవలసి వచ్చినచో, పనివారు ఆ పాఠశాల తలుపు తట్టవచ్చును. పొగబండి నాటి ప్రజలను ఊరినుండి ఊరికి చేర్చెను. శ్రద్ధతో తీసిన చిత్రము ఆ బండినే ఒక తరము నుండి మఱొక తరమునకు చేర్చును. ఆ ప్రయాణమునకు బొగ్గు అక్కఱలేదు. చూడనేర్చిన కన్నును, దాచనేర్చిన చేయియు చాలును.